ఆమె పక్కన నిలిచినవారు



రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చున్నామంటే మా ఇంట్లో పెద్దావిడది ఒకటే మాట. "ఎప్పుడు చూసినా ఆ హత్యలూ, ఆ పోలీసులూ ఏమిటమ్మా? పడుకోబోయే ముందు చూడవలసినవేనా అవి?" అంటారు. ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. నేర కథలు చాలావాటిలో ఆడదానికి వుండే వేషం ఒక్కటే – మొదటి పది నిముషాల్లో ప్రాణం పోగొట్టుకుని పడివుండటం. ఆపైన కథంతా మగవాళ్ల తెలివితేటలే. చేసినవాడు గొప్పా, పట్టుకున్నవాడు గొప్పా అన్నదే పందెం. పోయిన పిల్ల ఎవరో, ఆమె కోసం ఇంటి దగ్గర ఎవరు ఏడుస్తున్నారో కథ సగానికి వచ్చేసరికి మనకూ గుర్తుండదు, తీసినవాళ్లకూ గుర్తుండదు.

అలా కాకుండా తీసిన సీరియల్ ఒకటుంది. దాని పేరు 'ఢిల్లీ క్రైమ్'. 2019 మార్చి 22న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో ఎవరెవరున్నారు, ఏ పాత్ర ఏం చేస్తుంది, ఆ పాత్రల్ని చూసి మనబోటివాళ్లం తెలుసుకోదగ్గది ఏమిటి – ఈ సంగతులు నాలుగూ మీతో చెప్పుకుందామని వుంది.

ముందు కాస్త వెనక్కి వెళదాం. దూరదర్శన్ రోజులు మీలో పెద్దవాళ్లకి గుర్తుండే వుంటాయి. 1985లో 'కరమ్‌చంద్' అనే అపరాధ పరిశోధన సీరియల్ వచ్చేది. పంకజ్ కపూర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కారట్ నములుతూ చిక్కుముడులు విప్పేవాడు. ఆయన పక్కన కిట్టీ అనే సహాయకురాలు వుండేది. ఆ వేషం సుస్మితా ముఖర్జీ వేసింది. పాపం, ఆ పిల్ల ఏ సందేహం అడిగినా ఆయన నోరు మూసుకోమని కసిరేవాడు. మనమూ పకపకా నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నవ్వు మన మీద మనమే నవ్వుకున్న నవ్వు కాదూ?

ఆ తర్వాత నాలుగేళ్లకి, 1989లో, 'ఉడాన్' వచ్చింది. కల్యాణీ సింగ్ అనే అమ్మాయి పట్టుదలగా చదువుకుని ఐ.పి.ఎస్. అధికారిణి అయిన కథ. రాసింది, తీసింది, కల్యాణిగా నటించింది కూడా కవితా చౌదరే. తన అక్క కంచన్ చౌదరి భట్టాచార్య జీవితాన్నే ఆవిడ కథగా మలిచింది. ఆ కంచన్ చౌదరే 2004లో ఉత్తరాఖండ్‌లో డి.జి.పి. అయ్యారు. మన దేశంలో ఆ పదవి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడ. నోరు మూసుకోమని అనిపించుకున్న కిట్టీ ఎక్కడ, ఖాకీ తొడుక్కున్న కల్యాణి ఎక్కడ! ఆ దారిలో తరువాత వచ్చిన మనిషే 'ఢిల్లీ క్రైమ్'లోని వర్తికా చతుర్వేది.

ఈ సీరియల్‌కి ఆధారమైన సంగతి నేను విప్పి చెప్పనక్కరలేదు. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో కదులుతున్న బస్సులో ఒక అమ్మాయి మీద జరిగిన అఘాయిత్యం. పత్రికలు ఆమెకు 'నిర్భయ' అని పేరు పెట్టాయి. ఆ నెల 29న సింగపూరు ఆసుపత్రిలో ఆమె కన్నుమూసింది. ఆ వార్త విన్న రోజు ఏ తల్లికైనా అన్నం సయించిందా? మన వూళ్లలో కూడా ఆడపిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు గదా.

అటువంటి విషయాన్ని టీవీ కథగా తీస్తున్నారంటే నాకు మొదట కోపమే వచ్చింది. ఆ పిల్ల బాధను అమ్ముకోవడం కాదా అనిపించింది. చూశాక నా కోపం చాలామటుకు చల్లారింది. ఎందుకంటారా? ఏడు భాగాల కథలో ఆ అఘాయిత్యాన్ని ఒక్క క్షణం కూడా చూపించలేదు. రాసి, తీసిన రిచీ మెహతా కెమెరాను ఆ బస్సులోకి తీసుకువెళ్లలేదు. కథ మొదలయ్యేసరికే జరగవలసిన ఘోరం జరిగిపోయి వుంటుంది. తరువాత ఎవరు వచ్చారు, ఏం చేశారు అన్నదే కథంతా. ఆమెకు సీరియల్‌లో దీపిక అని పేరు పెట్టారు. అభిలాషా సింగ్ అనే నటి ఆ పాత్ర వేసింది. మంచం మీద పడివుండే పాత్రే అయినా, నేను చెప్పింది రాసుకోండి అన్నంత ధైర్యం ఆ కళ్లలో కనిపిస్తుంది.

ఇక ఒక్కొక్కరినే పరిచయం చేస్తాను.

వర్తికా చతుర్వేది దక్షిణ ఢిల్లీ డి.సి.పి. ఆ వేషం షెఫాలీ షా వేసింది. 'సత్యా', 'మాన్సూన్ వెడ్డింగ్' సినిమాల్లో చూసివుంటారు – పెద్ద పెద్ద కళ్ల మనిషి. నిజంగా ఆనాడు దక్షిణ ఢిల్లీ డి.సి.పి.గా వున్న ఛాయా శర్మ గారే ఈ పాత్రకు మూలం. సినిమా పోలీసుల్లాగా వర్తిక గాలిలో ఎగరదు, కేకలు వేయదు. అర్ధరాత్రి ఫోను మోగుతుంది, లేచి ఆసుపత్రికి వస్తుంది, ఆ పిల్లను చూస్తుంది. ఆ చూపు తరువాత ఇక ఇంటికి పోవాలన్న ధ్యాస వుండదు. స్టేషన్‌లోనే మకాం పెట్టి, తన కింది వాళ్లందరినీ అక్కడే కట్టి పడేస్తుంది. నిద్రలేక కళ్ల కింద నల్లటి చారలు పడతాయి. మన ఇళ్లలో జబ్బుపడ్డ బిడ్డ దగ్గర నాలుగు రాత్రులు కూర్చున్న తల్లి ముఖం ఎలా వుంటుందో అలాగే వుంటుంది ఆ ముఖం.

నీతీ సింగ్ శిక్షణలో వున్న కొత్త అధికారిణి. నటి రసికా దుగల్. ఈ పాత్ర మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. నేరస్థుల్ని వెంటాడే పనిలో పేరొస్తుంది, పత్రికల్లో ఫొటో పడుతుంది. నీతికి వర్తిక అప్పగించిన పని వేరు – ఆసుపత్రిలో ఆ పిల్ల దగ్గర, ఆమె తల్లిదండ్రుల దగ్గర వుండటం. ఇదేమిటి, ఇది కూడా పోలీసు పనేనా అనుకుంటాం. ఆ అమ్మా నాన్నల ముందు ఏం మాట్లాడాలో తెలియక నీతి తడబడుతుంది. చదివిన పుస్తకాల్లో ఆ పాఠం లేదు మరి. తొందరపెట్టకుండా, జాలి చూపించి చులకన చేయకుండా, ఒక మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమైన పనో ఈ పాత్ర చూపిస్తుంది. రేపు ఆ పిల్ల ఇచ్చే వాఙ్మూలం మీదే కేసు నిలబడాలి. భయపడిన మనిషి నోరు విప్పాలంటే ముందు నమ్మకం కలగాలి గదా. అందుకే అది కూడా దర్యాప్తే.

వర్తిక దళంలో విమలా భరద్వాజ్ అని మరొక ఆడ పోలీసు వుంటుంది. ఆ వేషంలో వున్నది జయా భట్టాచార్య. ఈ పేరు చెప్తే పోల్చుకోలేరేమోగాని, 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో పాయల్ అంటే వెంటనే గుర్తుపడతారు. ఆ కుట్రల పాయల్ ఈమేనా అని ఆశ్చర్యపోతారు. అలంకారాలన్నీ తీసి పక్కన పెట్టి, సాదా ఖాకీలో ఎంత నిదానంగా నటించిందో!

ఇన్‌స్పెక్టరు భూపేంద్ర సింగ్‌గా వేసింది రాజేష్ తైలంగ్. వర్తికకు కుడి భుజం. నిందితుల ఎదుట కూర్చుని ప్రశ్నలు వేసి నిజం రాబట్టడంలో అందెవేసిన చెయ్యి. బస్సు నడిపిన వాడి ఎదుట కూర్చుంటే, వాడు పశ్చాత్తాపం అన్నది లేకుండా చెప్పుకుపోతూ వుంటాడు. భూపేంద్ర ముఖంలో మాత్రం కండరం కదలదు. వినలేక లేచిపోతే కేసు పోతుందని తెలిసిన మనిషి. ఆడ అధికారిణి కింద పనిచేయడం నామోషీ అని ఏ కోశానా అనుకోని మగవాడు అతను. అటువంటివాళ్లు మన ఆఫీసుల్లో ఇంకా నలుగురుంటే బాగుండుననిపిస్తుంది.

కమిషనరు కుమార్ విజయ్ పాత్ర ఆదిల్ హుస్సేన్ వేశారు. 'ఇంగ్లిష్ వింగ్లిష్'లో మన శ్రీదేవి భర్తగా వేసిన ఆయనే. ఒక పక్క రోడ్ల మీద జనం, మరో పక్క తలలు రాలాల్సిందేనని పట్టుబట్టే నాయకులు, నడుమ ఈయన. పై నుంచి పడే రాళ్లు వర్తిక దళం మీద పడకుండా గొడుగులా నిలబడతాడు. పనిచేసే మనిషికి ఆ గొడుగు ఎంత అవసరమో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

ఇంక వర్తిక ఇల్లు. భర్త విశాల్‌గా డెంజిల్ స్మిత్ వేశారు. కూతురు చాందినిగా యశస్వినీ దాయమా. చాందినికి ఈ ఢిల్లీ మీద నమ్మకం లేదు. ఈ వూళ్లో నేనుండను, విదేశాలకు వెళ్లి చదువుకుంటానంటుంది. లేదమ్మా, ఈ వూరు అంత చెడ్డది కాదని కూతురికి నచ్చజెప్పాలని తల్లి తాపత్రయం. సరిగ్గా అప్పుడే ఈ ఘోరం జరిగింది. ఇక ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? పైగా ఆ పిల్ల పోలీసులకు వ్యతిరేకంగా జరిగే ప్రదర్శనకు వెళుతుంది. బయట జనం అడుగుతున్న ప్రశ్నే ఇంట్లో కన్నకూతురు అడుగుతోందన్నమాట – మీరుండగా ఇది ఎలా జరిగింది? రచయిత ఈ పాత్రను పెట్టి మంచి పని చేశాడు. ఇది పోలీసుల కళ్లతో చెప్పిన కథ. వాళ్లని మరీ వెనకేసుకు వచ్చారన్న విమర్శ దీనిమీద వుంది, అందులో కొంత న్యాయమూ వుంది. ఆ మేరకు చాందిని మన పక్షాన మాట్లాడుతుంది.

దర్యాప్తు ఎలా సాగిందో కూడా తెలుసుకోదగ్గదే. ఆ రాత్రి ఢిల్లీలో తిరిగిన తెల్ల బస్సులు ఎన్ని! వాటిలో ఏది? మహిపాల్‌పూర్‌లో ఒక హోటల్ బయట కెమెరాలో ఒక బస్సు కనబడింది. దాని పక్కన 'యాదవ్' అని రాసి వుంది. ముందు చక్రానికి ఒక వైపు వీల్ క్యాపు లేదు. ఇంత చిన్న గుర్తులు పట్టుకుని బస్సును, బస్సు ద్వారా డ్రైవరును, వాడి ద్వారా మిగిలినవాళ్లను పట్టుకున్నారు. వారం తిరిగేలోగా ఆరుగురూ దొరికారు. సీరియల్‌లో ఈ పనంతా ఏ హంగులూ లేకుండా చూపిస్తారు. మధ్యలో స్టేషన్‌లో కరెంటు పోతుంది. సిబ్బంది చాలరు, వున్నవాళ్లకి నిద్ర వుండదు. పోలీసు స్టేషను అంటే ఎంత ఇరుకు వ్యవహారమో మనకు తెలిసివస్తుంది. వాళ్లు దొరకటం గొప్పే. మరి అంత గట్టి పట్టుదల ప్రతి ఆడపిల్ల కేసులోనూ వుంటుందా అన్న ప్రశ్న మాత్రం కథ అయిపోయాక కూడా మనసులో ములుకులా గుచ్చుతూనే వుంటుంది.

ఈ సీరియల్‌కి 2020 నవంబరులో అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి వచ్చింది. ఉత్తమ ధారావాహికగా ఆ బహుమతి అందుకున్న మొదటి భారతీయ సీరియల్ ఇదే.

రెండో కథ 2022 ఆగస్టులో వచ్చింది, అయిదు భాగాలు. తీసింది తనూజ్ చోప్రా. ముసలి దంపతుల ఇళ్లలో జొరబడి చంపి, దోచుకుపోయే ముఠా కథ. అదెవరి పనో తేలకముందే, పుట్టుకతోనే దొంగలని ముద్రపడ్డ జాతుల వాళ్లని పోలీసులు పోగుచేసి తెస్తారు. వర్తికకు ఆ పద్ధతి మింగుడు పడదు. ఆ ముద్ర వేసింది ఆంగ్లేయులు, 1871లో చేసిన చట్టంతో. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం గురించి వినని తెలుగువాళ్లుండరు. ఆ చట్టం కిందనే ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ కాపలాలో వుంచారు. 1952లో చట్టం రద్దయినా, వూరి పేరు చెప్పగానే ముఖం చిట్లించుకునే అలవాటు మనలో ఎంతమందికి పోయింది? ఈ రెండో కథ చూస్తున్నప్పుడు నాకు ఆ మాటే పదే పదే గుర్తుకొచ్చింది. ఇందులో అసలు ముఠాను నడిపే స్త్రీగా తిలోత్తమా షోమ్ నటించింది. నెమ్మది ముఖం, ముట్టుకుంటే కాలే ఆశ. చూస్తుంటే వెన్ను జలదరిస్తుంది.

మూడో కథ 2025 నవంబరులో వచ్చింది. ఆడపిల్లల్ని మాయమాటలు చెప్పి తరలించి అమ్మేవాళ్ల గురించి. 'బడీ దీదీ' అనిపించుకునే మీనాగా హ్యూమా ఖురేషీ వేసింది. అక్క అనే చక్కని పిలుపు ఎటువంటి మనిషికి అంటుకుందో చూస్తే బాధ కలుగుతుంది. ఉద్యోగం ఇప్పిస్తాను, పెళ్లి సంబంధం చూస్తాను అని వచ్చే 'అక్కల' విషయంలో మన పల్లెల్లో తల్లులు జాగ్రత్తగా వుండవద్దూ?

ఇన్ని పాత్రలు చెప్పాను గదా. వీళ్లందరినీ కలిపే దారం ఒకటుంది. ఘోరం జరిగాక ఆ మనిషి పక్కన ఎవరు నిలబడ్డారు? వర్తిక నిలబడింది, నీతి నిలబడింది, భూపేంద్ర నిలబడ్డాడు. సీరియల్‌లో వాళ్లు దొరికారు, నిజంగా దొరకాలంటే మనకేం హక్కులున్నాయో తెలిసివుండాలి. అందుకే కథ పక్కన పెట్టి నాలుగు పనికొచ్చే మాటలు చెబుతాను, వంటింటి గోడమీద రాసి పెట్టుకోండి.

ఢిల్లీ ఘటన జరిగిన వారం రోజులకే జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. దేశం నలుమూలల నుంచి దానికి దాదాపు 80 వేల సూచనలు అందాయి. నెల రోజుల్లో, 2013 జనవరి 23న, అది నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే చట్టం మార్చారు. 2024 జూలై 1 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్త సంహితలు వచ్చాయి. వాటిలోనూ ఆ రక్షణలు వున్నాయి.

మొదటిది, ఇది మా హద్దు కాదు, ఆ స్టేషనుకు పొండి అని తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' అంటారు దాన్ని. రాసుకున్న ఎఫ్.ఐ.ఆర్. నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

రెండోది, ఇటువంటి నేరాలలో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి. అడిగి తీరండి, మొహమాటపడకండి.

మూడోది, అత్యాచారం వంటి నేరాలలో ఫిర్యాదు రాసుకోవడానికి నిరాకరించిన అధికారికి ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్ల దాకా కఠిన శిక్ష పడవచ్చు.

నాలుగోది, అటువంటి బాధితురాలికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ముందు పోలీసు కాగితం తెమ్మని, డబ్బు కట్టమని అనకూడదు.

ఆపదలో వుంటే 112కు ఫోను చేయండి. స్త్రీల సహాయానికి 181 వుంది. హైదరాబాదులో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ సంగతి మీరు వినే వుంటారు. బస్టాపుల్లోనూ, కాలేజీల దగ్గరా మామూలు బట్టల్లో తిరిగే పోలీసులు వాళ్లు.

కడపటి మాట ఒకటి. ఈ సీరియల్ పసిపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. మాటలు కరుకుగా వుంటాయి, సంగతి భరించరానిది. ఎదిగిన ఆడపిల్లతో మాత్రం, ముఖ్యంగా ఎదిగిన మగపిల్లవాడితో మాత్రం, కలిసి చూడండి. మధ్యలో ఆపి మాట్లాడండి. "నువ్వే ఆ రోడ్డు పక్కన వెళుతూ వాళ్లని చూసివుంటే ఆగేవాడివా?" అని అడగండి. మా ఇంట్లో అడిగితే అబ్బాయి చాలాసేపు జవాబు చెప్పలేదు. తరువాత, "ఆగేవాణ్ణేననుకుంటానమ్మా" అన్నాడు. ఆ 'అనుకుంటాను' అన్న మాటను 'ఆగుతాను'గా మార్చవలసిన పని మాత్రం మనదే, తల్లులది.

మా పెద్దావిడ కూడా ఆ రోజు మాతో కూర్చుని చివరి భాగం చూశారు. అయిపోయాక ఏమీ అనలేదు. లేచి వెళుతూ, "ఆ నీతి పిల్ల మంచిది. పక్కన కూర్చుంది" అన్నారు.

ఉంటాను, సెలవు.